ఆపరేషన్ తర్వాత నిమోనియా రాకుండా ఏం చేయాలి?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. అనంతపురంలో ఉండే మా నాన్నకు 64 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లున్నాయని వచ్చే నెల ఇక్కడే ఆపరేషన్ పెట్టుకున్నాం. ఇదివరకు ఒకసారి పొట్ట ఆపరేషన్ అయింది కాబట్టి ఈసారి కోసి చేయాల్సి రావచ్చన్నారు. ఎన్నో ఏళ్లుగా బీడీ తాగుతారు, పొద్దున లేవగానే దగ్గు, కళ్లె. మా బాబాయికి హెర్నియా ఆపరేషన్ బాగానే జరిగినా మూడో రోజు నిమోనియా వచ్చి ఐసీయూలో పెట్టారు. మత్తు ఇచ్చినందుకే అలా అయిందని అందరూ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు

జవాబు: మీ చేతిలో ఇంకా నెల రోజులున్నాయి. ఊపిరితిత్తులను కాపాడుకునే పని ఆపరేషన్ అయ్యాక కాదు, ఈరోజు నుంచే మొదలుపెట్టాలి.

ముందు మీ భయం గురించి. పూర్తి మత్తులో వెల్లకిలా పడుకున్నప్పుడు కండరాలు సడలి, ఊపిరితిత్తుల అడుగు భాగం కొంత ముడుచుకుపోతుంది. ఇది దాదాపు 90 శాతం మందిలో ఎంతో కొంత జరిగేదే. చాలామందికి తెలియకుండానే మళ్లీ విచ్చుకుంటుంది. చిక్కంతా తర్వాతి రోజుల్లో వస్తుంది. పక్కటెముకల కింద కోత ఉంటే గట్టిగా ఊపిరి తీస్తే నొప్పి, దగ్గితే ఇంకా నొప్పి. దాంతో మనిషి పైపైన ఊపిరి తీస్తూ దగ్గును బిగబట్టుకుంటాడు. కళ్లె లోపలే నిలిచిపోయి ఇన్ఫెక్షన్‌కు దారితీస్తుంది. చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ పద్ధతిలో చేయగలిగితే ఈ ఇబ్బంది తక్కువ.

బీడీ ఈరోజే ఆపించండి. కనీసం 4 వారాలు మానితే ఊపిరితిత్తుల సమస్యలు బాగా తగ్గుతాయి. ఆపరేషన్ ముందు మానేస్తే కళ్లె పెరిగి ప్రమాదమని కొందరు భయపెడతారు, నమ్మకండి. ఒక్క రోజు మానినా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. ఉండలేకపోతుంటే డాక్టర్‌ని అడిగి నికోటిన్ గమ్ వాడొచ్చు.

ఇక శ్వాస వ్యాయామం. పొట్ట పైభాగంలో కోత పెట్టి చేసే పెద్ద ఆపరేషన్ల మీద ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఆపరేషన్‌కు ముందే ఫిజియోథెరపిస్ట్ ఒక్క అరగంట కూర్చోబెట్టి నేర్పినవారిలో ఊపిరితిత్తుల సమస్యలు సగానికి తగ్గాయి. కాబట్టి అడ్మిషన్ రోజు దాకా ఆగకుండా, మత్తు డాక్టర్ చెకప్‌కు వెళ్లినప్పుడే ఫిజియోను కలవండి. మీరూ పక్కన ఉండి నేర్చుకోండి. వార్డులో సిస్టర్లు కన్నడంలోనో, మలయాళంలోనో, హిందీలోనో చెబితే నొప్పితో ఉన్న మీ నాన్నగారికి ఏం అర్థమవుతుంది? తెలుగులో మీరే చెప్పాలి.

ఈ వ్యాయామానికి మూడు బంతుల స్పైరోమీటర్ అనే పరికరం ఇస్తారు. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది దాన్ని బూరలా ఊదుతుంటారు. ఊదకూడదు, పీల్చాలి. ముందు మామూలుగా గాలి వదిలి, గొట్టాన్ని పెదవులతో బిగించి పట్టుకుని, నెమ్మదిగా లోపలికి పీల్చాలి. మూడు బంతులూ లేవాలన్న పట్టుదల వద్దు. ఒకటి లేచి మూడు సెకన్లు పైన నిలిచినా మంచిదే. మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు. తల తిరిగితే ఆపి సేద తీరాలి. అయితే ఈ పరికరం ఒక్కటే కాపాడుతుందనుకోకండి. లేచి కూర్చోవడం, నడవడం అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

ఇక్కడే ఇంట్లోవాళ్ల ప్రేమ అడ్డొస్తుంది. "కదలకు, కుట్లు ఊడిపోతాయి" అంటూ పడుకోబెడతారు. డాక్టర్ వద్దంటే తప్ప, మర్నాటి నుంచే పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టండి, నాలుగడుగులు వేయించండి. దగ్గేటప్పుడు కోత మీద దిండు గట్టిగా అదిమి పట్టుకోమనండి, నొప్పి అంతగా తెలియకుండా కళ్లె బయటికొస్తుంది. నొప్పి మాత్ర తీసుకోవడానికి మొహమాటపడొద్దు. నొప్పి తగ్గితేనే నిండా ఊపిరి తీయగలరు. తల వైపు మంచం ఎత్తి ఉంచండి, రెండు పూటలా పళ్లు తోమించండి. నోటిలోని క్రిములే ఊపిరితిత్తుల్లోకి జారుతాయి.

మత్తు డాక్టర్ దగ్గర ఏదీ దాచొద్దు: బీడీ, ఆయాసం, రాత్రి పెద్దగా గురక, ఊడే పళ్లు. ఇన్‌హేలర్ వాడుతుంటే ఆపరేషన్ రోజు పొద్దున కూడా వాడాలి. జలుబు, జ్వరం వస్తే వాయిదా పడినా సరే చెప్పాలి. తిండి ఆపే టైము ఆసుపత్రి వాళ్లు చెప్పినట్లే పాటించండి. పాలు కలిపిన కాఫీ కూడా తిండి కిందే లెక్క, ఆరు గంటల ముందే ఆపాలి.

డిశ్చార్జ్ కాగానే అనంతపురం పంపకండి. కుట్లు చూపించేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. జ్వరం, ఆయాసం, పచ్చటి కళ్లె, ఛాతీ నొప్పి, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం - వీటిలో ఏది కనిపించినా, వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గినా, తెల్లారేదాకా చూడకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.