మందారం మొగ్గ రాలుతోందా? ముందు దాన్ని చీల్చి చూడండి

ప్రశ్న: మా ముద్ద మందారానికి మొగ్గలు బోలెడు వస్తున్నాయి కానీ విచ్చుకోకముందే పసుపురంగుకి మారి రాలిపోతున్నాయి. ఎముకల పొడి, వర్మీకంపోస్ట్ రెండూ వేశాను. ఇంకేం వేయమంటారు?

జవాబు: ప్రస్తుతానికి ఇంకేమీ వేయకండి. రాలిన మొగ్గల్లో ఒకదాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. లోపల సన్నటి పురుగులు కదులుతుంటే అది గాల్ మిడ్జ్ అనే చిన్న ఈగ పని, అది మొగ్గలో గుడ్లు పెడుతుంది, పురుగు మొగ్గతోపాటే కింద పడి మట్టిలోకి దూరి, కొన్నాళ్లకి మళ్లీ ఈగై పైకి వస్తుంది. అందుకే రాలిన మొగ్గల్ని కుండీలోనే వదిలేసినా, కంపోస్టులో వేసినా మనమే దాన్ని పెంచినట్టు. రోజూ ఏరి, కవర్లో మూటకట్టి చెత్తలో పడేయండి. పసుపు తిరిగిన మొగ్గల్ని రాలేదాకా ఆగకుండా ముందే తుంచేయండి. కొన్ని వారాలు విసుక్కోకుండా ఇలా చేస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది.

పురుగు లేదంటే నీళ్ల సంగతి చూడాలి. ఒకరోజు మట్టి పూర్తిగా ఎండిపోయి మర్నాడు కుండీ నిండా పోస్తే మందారం ముందు వదిలించుకునేది మొగ్గల్నే. పై మట్టి ఒక అంగుళం ఆరాక అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి, కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. మొగ్గల మీదున్న కుండీని ఎండలోంచి నీడలోకి మార్చినా రాలుతాయి. ఇంకో మాట, ముద్ద రకాల్లో ఒంటి రెక్క రకాల కంటే ఈ రాలుడు ఎలాగూ ఎక్కువే, నాలుగు మొగ్గలు పోయినంత మాత్రాన టెన్షన్ పడక్కర్లేదు.

ఎముకల పొడి మాత్రం ఆపేయండి, అందులో ఎక్కువగా ఉండేది భాస్వరమే. పూల మొక్క అనగానే భాస్వరం ఎక్కువ వేయాలని చాలామంది అనుకుంటారు కానీ మందారానికి అది సరిపడదు, మట్టిలో పేరుకుంటే మొక్క ఇనుమును తీసుకోలేదు, ఈనెలు ఆకుపచ్చగా ఉండి ఆకు పాలిపోతుంది. దీనికి పొటాష్ ఎక్కువ, భాస్వరం తక్కువ ఉన్న ఎరువు కొద్దికొద్దిగా వేయాలి.

ప్రశ్న: మొక్క ఏపుగా ఉంది, ఆకులు నిగనిగలాడుతున్నాయి, పువ్వు మాత్రం లేదు. బాల్కనీలో పొద్దున ఓ గంట ఎండ వస్తుంది.

జవాబు: జవాబు మీ ప్రశ్నలోనే ఉందండీ. గంట ఎండతో ఆకులే వస్తాయి. కనీసం ఐదారు గంటలు కావాలి, అంత ఎండ రాని చోట ఏ ఎరువు వేసినా దండగే. ఎండ ఉన్న చోటికి మార్చాక కూడా పూయకపోతే నత్రజని ఎక్కువవుతోందేమో చూసుకోండి. కొమ్మలు పాతబడ్డాయా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే మందారం కొత్త చిగురు మీదే పూస్తుంది. ప్రతి కొమ్మనీ మూడో వంతు మేర కణుపుకి కాస్త పైన కత్తిరించండి. ఆ తర్వాత రెండు మూడు నెలలు పూలు కనబడకపోతే కంగారుపడొద్దు, చిగురు ముదిరి మొగ్గ కట్టడానికి ఆ మాత్రం పడుతుంది.

ప్రశ్న: కొమ్మల చివర తెల్లగా దూదిలా పట్టింది, చీమలు కూడా తిరుగుతున్నాయి.

జవాబు: పిండినల్లి. అది వదిలే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, కాబట్టి చీమల్ని కూడా ఆపాలి. బాగా పట్టిన చివర్లు కత్తిరించి పారేసి, మిగతా భాగాన్ని నీటి ధారతో గట్టిగా కడగండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టండి. వారానికోసారి, పోయేదాకా.

ప్రశ్న: మందార ఆకు రుద్దితే జుట్టు ఒత్తుగా పెరుగుతుందా? పూలతో టీ తాగొచ్చా?

జవాబు: ఆకు నలిపితే వచ్చే జిగురు వల్ల జుట్టు మెత్తబడుతుంది, చిక్కు తేలిగ్గా వస్తుంది, అది నిజమే. ఊడిన జుట్టు మళ్లీ వస్తుందని చెప్పడానికి మనుషుల మీద గట్టి రుజువు లేదు, ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించి సీసాలు అమ్మేవాళ్ల మాట అంత తేలిగ్గా నమ్మకండి. మొదటిసారి వాడేటప్పుడు మోచేతి లోపల రాసి దురద వస్తుందేమో చూసుకోండి.

టీ దగ్గర చాలామంది పొరబడుతున్నారు. ప్యాకెట్లలో వచ్చే పుల్లటి ఎర్ర హైబిస్కస్ టీ ఈ మందారం రేకులది కాదు, దాని దగ్గరి బంధువైన ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే కండగల రక్షక పత్రాలది. రక్తపోటును కొంత తగ్గిస్తుందని అధ్యయనాలున్నది ఆ టీ మీద. ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా రోజూ తాగొద్దు. గర్భిణులు ఆ టీకీ, మందారం పూల టీకీ రెండింటికీ దూరంగా ఉండటం మంచిది. మన మందారం రేకులు కూడా తినదగినవే, మందు కొట్టని మొక్కవైతేనే. ఆ రేకుల కషాయంలో నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది, వంటసోడా వేస్తే ఆకుపచ్చగా మారుతుంది, పిల్లలకి ఒకసారి చూపించండి.

ప్రశ్న: ముద్ద మందారం గింజలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: వాటికోసం వెతక్కండి. ముద్ద రకాలు గింజ కట్టడం అరుదు, కట్టినా తల్లి మొక్క లాంటి పువ్వే వస్తుందన్న నమ్మకం లేదు. పెన్సిల్ మందం కొమ్మని ఐదారు అంగుళాలు కణుపు కింద కోసి, పైన రెండాకులు ఉంచి, ఇసుక కలిపిన తేలిక మట్టిలో గుచ్చి నీడలో పెట్టండి. నెల నుంచి రెండు నెలల్లో వేళ్లొస్తాయి, మధ్యలో పీకి చూడకండి.