పాత షీటులో చెరువు ఆకారం కలవడం లేదా? నీటిని వదిలి కట్టను పట్టుకోండి

ఉపగ్రహ చిత్రంలోని నీటి అంచుతో పోల్చడం వల్లే మీ అంగుళం-మైలు షీటులోని (ఒక మైలును ఒక అంగుళంగా చూపే పాత సర్వే మ్యాపు) చెరువు కుదరట్లేదు. నీటి అంచు ఏటా మారుతుంది, కట్ట మారదు.

1. చెరువు గీతలో ఒక వైపు నున్నగా సాగేది కట్ట. వంకరటింకరగా ఉన్నది శిఖం (నీళ్లు నిలిచే చెరువు నేల) వైపు. షీటులోని కట్ట రెండు కొసలనే ఉపగ్రహ చిత్రంలోని కట్ట కొసలతో కలపండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: షీటు అంచుల్లోని అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్ట్ 1830 (భూమి ఆకారానికి పాత సర్వేలో వాడిన లెక్క) ప్రకారం ఉన్నవి. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వాటిని డబ్ల్యూజీఎస్ 84గా (జీపీఎస్ వాడే లెక్క) ఇస్తే మన ప్రాంతంలో షీటు మొత్తం వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. అందులో షీటును భూమ్మీది చోటుకు కుదిర్చే జియోరిఫరెన్సర్‌లో కల్యాణ్‌పూర్ 1975 (ఎవరెస్ట్ లెక్క మీద నడిచే భారత సర్వే పద్ధతి) ఎంచుకోండి, తర్వాత డబ్ల్యూజీఎస్ 84కి మార్చండి. షీటును కుదిర్చే బిందువుల అక్షాంశ రేఖాంశాలను ఉపగ్రహ చిత్రం నుంచే తీసుకుంటే ఈ గొడవ లేదు.

3. ఈ షీటు స్కేలు 1:63,360లో ఒక్క మిల్లీమీటరు 63 మీటర్లు. చిన్న కుంట ఆకారాన్ని, తూము చోటును నమ్మొద్దు. వాటికి గ్రామ నక్షాయే దిక్కు.

చెరువు పేరు దొరక్కపోతే పహాణీలో (ఊరి భూముల రికార్డు) శిఖం సర్వే నంబరు చూడండి. చెరువు, కుంట, తలాబ్ మూడింటితోనూ, పలికే తీరును బట్టి వెతకండి: హైదరాబాద్‌లో మా సాహెబా తలాబ్ కాస్తా మాసాబ్ ట్యాంక్ అయింది.