ముందు చర్మం, తర్వాతే పరుగు

బిడ్డా,

"కృత్రిమ కాలుతో ఎందుకు పరుగెత్తాలో తెలుస్తలేదు పెదనాన్నా" అని రాశావు. తెలియకపోతే పోనీ. పొద్దున్నే ఎండ ఎక్కకముందు గచ్చిబౌలి ట్రాక్ మీద ఉండు, చాలు. కారణం ముందే తెలుసుకుని బయల్దేరినవాణ్ని నేనైతే ఒక్కణ్నీ చూడలేదు.

పరుగు కోసం తొడిగే వంపు కాలు, అదే బ్లేడు, ధరెంత, ఎక్కడ దొరుకుతుంది అని అందరూ అడుగుతారు. పరుగు ఆగిపోయేది బ్లేడు వల్ల కాదు, మిగిలిన కాలు దూర్చే గిన్నె, అదే సాకెట్, లోపల ఒరుసుకుని పడే పుండు వల్ల. మన ఎండలకు సాకెట్ లోపల చర్మం మీద వేసుకునే మెత్తటి తొడుగు, లైనర్‌లో చెమట పడుతుంది, కాలు జారుతుంది, చర్మం లేస్తుంది. అందుకే రెండు మూడు పరుగులకోసారి కూర్చుని లైనర్ తీసి తుడుచుకో. సాయంత్రానికి స్టంప్, అంటే మిగిలిన కాలు, కాస్త సన్నబడి సాకెట్ వదులైతే ఇంకో సాక్సు తొడుక్కో. రాత్రి అద్దం పెట్టుకుని కింది భాగం చూసుకో. ఎరుపు పది నిమిషాల్లో పోతే భయం లేదు. పోకపోతే మర్నాడు కాలు తొడగకు, సాకెట్ చేసినవాళ్లకు చూపించు. ఆ రోజు చేతులకూ నడుముకూ పని చెప్పు. కోచ్ కోప్పడితే కోప్పడనీ. పుండు పడితే వారాల తరబడి ఇంట్లోనే.

లేని పాదం రాత్రిళ్లు మండుతోందన్నావు. అది నీ భ్రమ కాదు, చాలామందికి ఉండేదే. సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పు, మందులున్నాయి.

పోటీల సంగతి. నీలా మోకాలి కింద పోయి కృత్రిమ కాలుతో పరుగెత్తేవాళ్ల వర్గం టి64, నాలా మోకాలి పైన పోయినవాళ్లది టి63. ముందు ఆ వర్గీకరణ చేయించుకో. కాలేజీలో రెండు కాళ్ల దోస్తుల టైమింగ్‌తో పోల్చుకుని టెన్షన్ పడకు.

మానసి జోషికి 2011లో ముంబయిలో ప్రమాదం జరిగి కాలు పోయింది. ఇక్కడే గోపీచంద్ అకాడమీలో సాధన చేసింది. 2019లో బాసెల్‌లో పారా బ్యాడ్మింటన్ ప్రపంచ ఛాంపియన్ అయింది. పేపర్లో ఆ ఒక్కరోజే వస్తుంది. మధ్యలో ఎనిమిదేళ్లున్నాయి, వాటిని లెక్కేసుకో.

ఇంకోటి. మీటింగుకు పిలిచి, శాలువా కప్పి, స్ఫూర్తి అంటూ పొగిడేవాళ్లు దొరుకుతారు. వెళ్లు, భోజనం బాగానే పెడతారు. మర్నాడు ప్రాక్టీసుంటే మాత్రం వద్దు.

ఆదివారం రా. స్టార్టింగ్ బ్లాకులో నీకు ఏ కాలు ముందుంటే బాగుంటుందో రెండు రకాలుగానూ చూద్దాం. టవళ్లు రెండు తెచ్చుకో.

మీ పెదనాన్న