పాళెం మ్యాపు వేసే అమ్మాయికి జీతం వస్తాదా?

కావలిలో ఎరువుల కొట్టు నడిపే ఒక నాన్న రాశారు. కూతురు సీఎస్‌ఈ ఫైనలియర్, సెలవులొస్తే సముద్రం పక్క జాలర్ల పాళెంలో కూర్చుని ఊరోళ్ళతో కలిసి, ఇంటర్నెట్లో ఎవరైనా దిద్దగలిగే మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వాళ్ళ ఊరు ఎక్కిస్తా ఉందంట, మంచినీళ్ళ బోర్లు, తుఫాను షెల్టరు, వానకి మునిగే దారి అన్నీ. రెండు నెలలు కష్టపడి, వలలు కట్టే చోట్లు వాళ్ళు వద్దన్నారని మళ్ళీ తీసేసిందంట. ఇట్టాంటి, వాడేవాళ్ళతో కలిసి చేసే డిజైనే చదువుతానంటోంది, డేటా సైన్సు మేలా ఇది మేలా అని అడిగారు.

అన్నా, మీ భయం కోర్సు గురించి కాదు. పెళ్ళిలో ఎవరన్నా మీ పాప ఏం చేస్తోంది అంటే ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నారు, అదీ బాధ. ఈ ఉత్తరం నాకు ఎన్నిసార్లు వచ్చిందో.

ఆ తీసేసిన సంగతి మీరు టైం వేస్ట్ అని రాశారు చూడండి, అక్కడే మీమీద నాకు కోపం వచ్చింది. ఆ మ్యాపు ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, పాళెపోళ్ళకి ఆ చోట్లే కూడు. ఏది అందరికీ చూపించాలి ఏది మనలోనే ఉంచుకోవాలి అని వాళ్ళు తేల్చారు, మీ పాప విన్నది. ఈ చదువులో అసలు పని అదే. 1970ల్లో నార్వే, స్వీడన్‌లో కార్మిక సంఘాలు మా పని మార్చే కంప్యూటర్ ఎట్టుండాలో మమ్మల్నీ అడగండి అని పట్టుబడితే పుట్టిన పద్ధతి ఇది. ఒక్కటి మాత్రం పాపకి చెప్పండి, ఆ మ్యాపులో తీసేసినా పాత ఎడిట్ హిస్టరీలో ఉండిపోతాది, కాబట్టి ముందు అడిగి తర్వాత ఎక్కించాలి.

నాకూ అనుమానాలున్నాయి, దాచను. ఇప్పుడు మూడు నెలల యూఎక్స్ (యాప్‌లు వాడేవాళ్ళకి అనువుగా తీర్చే డిజైన్) కోర్సులు ఎక్కడ చూసినా ఉన్నాయి, అందులోంచి వచ్చిన పిల్లల పోర్ట్‌ఫోలియోలు చూస్తే అందరిదీ అదే ఫుడ్ యాప్, ఒక్కరు కూడా ఆ యాప్ వాడే మనిషితో అరగంట కూర్చున్నట్టుండదు. ఇంకో రకం వాళ్ళు ఊరికి చార్టులు, రంగు కాగితాలు తెచ్చి ఒకరోజు మీటింగ్ పెట్టి ఫొటోలు దిగి పోతారు, ఆర్నెల్లకి వాళ్ళు ఊరికి చేసిచ్చిన వెబ్‌సైట్ చూసుకునే దిక్కుండదు. పాప ఈ రెండు దార్లలో పోతే నేనే వద్దంటాను. పాళెంలో ఇద్దరు పిల్లలకి ఎడిటింగ్ నేర్పించిందా అని అడగండి, ఆమె లేనప్పుడు కూడా మ్యాపు నడిస్తేనే అది ఊరిది.

పోలిక అడిగారు గదా. లెక్కలు, స్టాటిస్టిక్స్ ఇష్టముంటే డేటా సైన్సు మంచిదే, లేకపోతే లక్షల మంది గుంపులో ఇంకొకరు అయి కలిసిపోతాది. ఇటు ఐఐటీ హైదరాబాద్‌లో, బొంబాయి ఐఐటీ ఐడీసీ అనే డిజైన్ స్కూల్లో ఎండెస్, అంటే డిజైన్‌లో పీజీ ఉంది, దాని ఎంట్రన్స్ సీడ్ పరీక్ష సంగతి పాపకి తెలిసే ఉంటాది. బయటికొచ్చాక కంపెనీల్లో యూజర్ రీసెర్చ్, అంటే వాడేవాళ్ళతో మాట్లాడి వాళ్ళకేం కావాలో తెలుసుకునే ఉద్యోగాలున్నాయి, స్వచ్ఛంద సంస్థల్లో అయితే జీతం తక్కువ, మొదటి రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ అంత రాకపోవచ్చు. క్యాంపస్‌లో ఉద్యోగం వస్తే ఒకట్రెండేళ్ళు చేసి అప్పుడు వెళ్ళినా ఏం పోదు, కోడింగ్ ఎక్కడికీ పోదు గదా, పిల్ల దారి తప్పలేదు, నిశ్చింతగా ఉండండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు ఒడ్డునే ఉంటాయి, వాళ్ళకీ మాట్లాడే తీరిక ఉంటాది. ఒకరోజు కొట్టు మూసి పాపతో పాళెం వెళ్ళండి, ఆమె ఏం చేస్తోందో వాళ్ళనే అడగండి.