పొగ వేయకుండా లేపడం ఇంగితం లేకపోవడమా?

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. రాత్రిపూట మిత్రులతో కలిసి ఫోన్‌లో బీజీఎంఐ అనే కాల్పుల ఆట ఆడుతుంటాను. కాకినాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్న మా పిన్ని కొడుకు ఈ మధ్యే మా నలుగురి స్క్వాడ్‌లో చేరాడు. ఒక ఆటలో నేను నాక్ అవగానే, అంటే దెబ్బ తిని కుప్పకూలగానే, వాడు స్మోక్ (పొగబాంబు) వేయకుండా నేరుగా పరుగెత్తుకొచ్చి నన్ను లేపబోయి తానూ పడిపోయాడు. "ఆ మాత్రం కామన్ సెన్స్ లేదా?" అన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. మర్నాడు అమ్మ "బియ్యం నిండుకున్నాయిరా" అంటే "అలాగా" అని ఊరుకున్నందుకు నన్నూ అదే మాట అన్నది. ఇంతకీ కామన్ సెన్స్ అంటే ఏమిటి?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: పడిపోయిన మనిషి కనిపిస్తే ముందు వెళ్ళి లేపాలన్నది నిత్యజీవితంలోని ఇంగితం. అమీర్‌పేట మెట్రో మెట్ల మీద ఎవరైనా జారిపడితే మీరూ అదే చేస్తారు, మీ తమ్ముడు చేసిందీ అదే. నాక్ అయిన ఆటగాడిని ఎరగా ఉంచి, లేపడానికి వచ్చేవాడి కోసం ప్రత్యర్థి గురిపెట్టి కాచుకుంటాడనీ, అందువల్ల ముందు పొగ కమ్మించి ఆ చాటున లేపాలనీ మీకు తెలిసిందంటే, అంతకుముందు అలా చాలాసార్లు ఓడిపోయి ఉంటారు. చదరంగంలో ముట్టుకున్న పావునే కదపాలన్నది రాసిపెట్టిన నియమం కనుక, తప్పినవాడిని నిలదీయవచ్చు. స్మోక్ సంగతి ఆడగా ఆడగా అబ్బేది, లేదా ఎవరైనా చెబితే తెలిసేది. పైగా పడిపోయిన క్షణంలో మీరు "వెనక ఉన్నాడు" అని అరిచి ఉంటారని నా అనుమానం. ఎవరి వెనక? తెర పైభాగాన దిక్కును డిగ్రీల్లో చూపే దిక్సూచి ఉండనే ఉన్నది. "315లో ఉన్నాడు, స్మోక్ వేసి రా" అని ఉంటే శత్రువు వాయవ్యంలో ఉన్నాడని నలుగురికీ ఒకేలా అర్థమయ్యేది.

ఇంగితం అంటే మనసులోని భావాన్ని బయటపెట్టే సైగ. దాన్ని పట్టుకోగలగడమే ఇంగితజ్ఞానం. అయితే సైగ తెలియాలంటే ఆ మనుషులతో, ఆ చోటుతో కొంత సహవాసం కావాలి. హైదరాబాదీల నోట "పర్సోం" అంటే మొన్న ఒక్కటే కాదు, గడిచిన ఏ రోజైనా కావచ్చునని కాకినాడ నుంచి వచ్చిన అబ్బాయికి మొదటి వారంలోనే ఎలా తెలుస్తుంది?

మీ అమ్మగారి మాట వేరు. మాట్లాడేవారు సందర్భానికి తగినదే చెబుతారన్న నమ్మకంతో మనం వింటామని తత్వవేత్త పాల్ గ్రైస్ 1975లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. పైకి కబురులా ఉన్న వాక్యంలో "వెళ్ళి తీసుకురా" అన్న కోరిక వినిపించేది అందుకే. అదీగాక, బియ్యం లేవనడం అశుభమని మన ఇళ్ళలో "నిండుకున్నాయి" అంటారు. అక్షరాలా తీసుకుంటే డబ్బా నిండుగా ఉన్నదనుకోవాలి. మీరు అలా అనుకోలేదు కనుక సగం ఇంగితం ఉన్నట్టే. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లోనే పెరిగిన మీకు మిగతా సగం ఎవరూ నేర్పనక్కరలేదు.

తమ్ముడితో ముందు మీరే మాట కలపండి. తరువాతి ఆటకు ముందు బీజీఎంఐలోనే ఉండే ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఒక పది నిమిషాలు స్మోక్ ఎలా, ఎక్కడ వేయాలో చూపించండి. చూపించాక కూడా వేయకపోతే కోప్పడండి, నేను అడ్డురాను. బియ్యం తేవడానికి వాడినీ వెంట తీసుకువెళితే, దారిలోనే సగం మాటలు అయిపోతాయి.