డబ్బు తీసుకోకుండా పాడిన స్నేహితురాలు ఇప్పుడు వాటా అడుగుతోంది

ప్రశ్న: మాది నలుగురం కలిసి నడుపుకునే ఇండీ రాక్ బ్యాండ్. ఏ కంపెనీ అండా లేకుండా సొంత డబ్బుతో తొమ్మిది పాటల ఆల్బం పూర్తిచేశాం. మూడు పాటలు గెస్ట్ సింగర్లతో పాడించాం. ఒకాయనకు ఒకేసారి మొత్తం డబ్బు పంపేశాం. రెండో ఆమె మా స్నేహితురాలు, ఊరికే పాడింది. పల్లవికి ముందు ఆమె అప్పటికప్పుడు తీసిన కూనిరాగమే ఇప్పుడు ఆ పాటకు ప్రాణం. మూడో గాయకుడికి ఒక మ్యూజిక్ కంపెనీతో కాంట్రాక్టు ఉందని ఈమధ్యే తెలిసింది. ఎవరితోనూ కాగితం రాసుకోలేదు, అన్నీ వాట్సాప్ మాటలే. వచ్చే నెల రిలీజ్. ఇప్పుడు స్నేహితురాలు పాట పక్కన తన పేరు ఉండాలని, రాబడిలో వాటా కావాలని అంటోంది. ట్యూన్ మాది, స్టూడియో ఖర్చు మాది. ఆమె అలా అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. మీ ముగ్గురు గెస్టుల్లో చట్టపరంగా అందరికంటే గట్టి పట్టు ఆమెదే. డబ్బు తీసుకోకుండా పాడటం వేరు, హక్కు వదులుకోవడం వేరు.

1957 కాపీరైట్ చట్టం దృష్టిలో పాట ఒకే వస్తువు కాదు. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగ్ ఒకటి. ఈ మూడూ కాక పాడినవారి హక్కు మరొకటి. రికార్డింగ్ హక్కు దాన్ని చేయించడానికి పూనుకుని బాధ్యత మోసినవారిది. అంటే మీది. స్టూడియో ఖర్చు మాదేనన్న మీ వాదన అక్కడివరకే పనిచేస్తుంది, గొంతు దాకా రాదు. 1994 సవరణకు ముందు మన చట్టంలో గాయకులకు ప్రత్యేక హక్కంటూ లేదు. ఆ సవరణతో వచ్చింది, 2012లో ఇంకా విస్తరించింది. ఇప్పుడు పాడిన మరుసటి సంవత్సరం నుంచి 50 ఏళ్లపాటు ఉంటుంది. మీరు పిలిపించి వాయించుకున్న వయొలిన్ కళాకారుడెవరైనా ఉంటే ఆయనకూ ఇదే వర్తిస్తుంది. బ్యాండ్‌లు ఈ సంగతి తరచూ మరిచిపోతాయి.

స్టూడియోలో పాడింది ప్రత్యక్ష ప్రదర్శన కాదు కదా అని మీకెవరైనా చెబితే నమ్మకండి. 2006లో గాయని నేహా భాసిన్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఈ వాదనను ఒప్పుకోలేదు. శ్రోతల ముందు పాడినా, స్టూడియోలో మైకు ముందు పాడినా మొదట అది ప్రత్యక్షంగా పాడటమేనంది. ఆ గొడవ కూడా పేరు గురించే. ముఖ్య గాయనిగా వేయాల్సిన తన పేరును వెనక పాడినవాళ్లలో వేశారని ఆమె కోర్టుకెక్కారు. ఇప్పుడైతే 2012లో వచ్చిన సెక్షన్ 38బి ఉండనే ఉంది. పాడినవారి పేరు వేయాలి, వారి పరువుకు భంగం కలిగేలా గొంతును వికృతం చేయకూడదు. నిడివి కోసం రెండు లైన్లు కత్తిరించడం తప్పు కాదు. కాబట్టి పేరు విషయంలో ఆమెతో వాదించకండి. మీ పాటల్ని స్ట్రీమింగ్ ప్లాట్‌ఫారాలకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ఫారంలో గెస్ట్ ఆర్టిస్టు పేరుకు గడి ఉంటుంది, నింపండి.

వాటా సంగతికొస్తే అసలు చిక్కు కూనిరాగం దగ్గరుంది. మీరిచ్చిన ట్యూన్‌ను ఉన్నదున్నట్టు పాడితే ఆమె గాయని మాత్రమే. మాటల్లేని ఆ రాగాన్ని తానే కట్టి, అదే పాటకు గుర్తుగా నిలిస్తే, బాణీలో తనకూ భాగముందని ఆమె అనవచ్చు. ఎవరి భాగం ఏదో విడదీయలేనంతగా కలిసిపోయిన బాణీని చట్టం ఉమ్మడి రచనగా చూస్తుంది. అప్పుడు ఆమె అనుమతి లేకుండా మీరు ఆ పాటను ఏ వెబ్ సిరీస్‌కూ ఇవ్వలేరు. పైగా సెక్షన్ 18 ప్రకారం సినిమాలో భాగం కాని రికార్డింగుల్లో కూడా కవి, సంగీతకర్త తమ రాయల్టీ హక్కును మీకు రాసివ్వలేరు, వదులుకోనూ లేరు. రాయించుకున్నా ఆ షరతు చెల్లదు. ‘ఏ హక్కూ కోరను’ అని ఒక సంతకం పెట్టించేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఆ రాగం నిజంగా ఆమెదేనా? రికార్డింగ్ రోజు ఫైళ్లు తీసి నలుగురూ వినండి. ఆమెదే అయితే బాణీలో వాటా శాతం ఇప్పుడే రాసుకోవడం మీకే మంచిది. పాట పేరు తెచ్చుకున్నాక ఈ బేరం ఇంత సులువుగా తెగదు.

డబ్బు తీసుకున్నాయనతో పని చిన్నదే. డబ్బు పంపిన రశీదు, వాట్సాప్ సందేశాలు ఆయన ఒప్పుకునే పాడారని చెప్పగలవు. హక్కులు మీకు బదిలీ అయ్యాయని మాత్రం చెప్పలేవు, దానికి సంతకం చేసిన రాత కావాలి. అందులో కాలం, ప్రాంతం స్పష్టంగా వేయండి. కాలం వేయకపోతే అయిదేళ్లే, ప్రాంతం వేయకపోతే భారతదేశమే అని సెక్షన్ 19 అంటుంది. స్ట్రీమింగ్‌కు సరిహద్దులుండవు కాబట్టి ఈ ఒక్క లైను వదిలేయడం పెద్ద నష్టం. గొంతు ట్రాకును ఏఐకి నేర్పించబోమన్న షరతు ఆయనే అడగవచ్చు. అనుమతి లేకుండా ఏఐతో తన గొంతును అనుకరించడంపై అరిజిత్ సింగ్ 2024లో బొంబాయి హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నాక గాయకులు దీని గురించి జాగ్రత్తపడుతున్నారు. అడిగితే ఒప్పుకోండి, మీకు పోయేదేమీ లేదు. పాత సందేశాలు ఎవరూ డిలీట్ చేయకూడదు సుమా.

నాకు టెన్షన్ పెడుతున్నది మూడో గాయకుడు. ఆయన కాంట్రాక్టు ఎక్స్‌క్లూజివ్ అయితే, అంటే ఆ కంపెనీకి తప్ప ఇంకెవరికీ పాడకూడదని ఉంటే, ఆయన మీకు సంతకం పెట్టినా దాని విలువ అనుమానమే. ఇవ్వాల్సిన హక్కు ముందే కంపెనీకి వెళ్లిపోయి ఉండవచ్చు. తెలియక పాడించడం ఒక ఎత్తు, తెలిశాక విడుదల చేయడం ఇంకో ఎత్తు. కాంట్రాక్టును కావాలనే భంగపరిచారని కంపెనీ మిమ్మల్నీ కేసులోకి లాగవచ్చు. దానికంటే ముందు డిస్ట్రిబ్యూటర్‌కు ఒక ఫిర్యాదు పంపితే చాలు, కోర్టు గడప తొక్కకుండానే మీ పాట ప్లాట్‌ఫారాల నుంచి దిగిపోతుంది. ఆయన్ను ఆ కాంట్రాక్టులోని సంబంధిత పేజీలు చూపించమనండి. నిషేధం ఉంటే కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోవాలి. పాట పక్కన తమ పేరు వేయాలన్న షరతుతో ఒప్పుకునే కంపెనీలు ఉంటాయి.

ఆ అనుమతి నెలలోపు రాకపోతే రిలీజ్ తేదీ మార్చక్కర్లేదు. ఆ ఒక్క పాట పక్కన పెట్టి ఎనిమిదితో ఆల్బం వదలండి. అనుమతి చేతికొచ్చాక తొమ్మిదోదాన్ని సింగిల్‌గా తేవచ్చు, లేదా మీలో ఒకరు దాన్ని మళ్లీ పాడవచ్చు.