తాకకపోయినా అది వేధింపేనా?

‘మాస్టారు మా బిడ్డను తాకలేదు, ఫోనులో చెడ్డ బొమ్మలు చూపించారంతే. ఇదీ వేధింపేనా, ఎవరికి చెప్పాలి?’ అని ఒకరు అడిగారు.

ముమ్మాటికీ వేధింపే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్ ప్రకారం లైంగిక ఉద్దేశంతో మాటలు, సైగలు, పదేపదే వెంటపడటం, అశ్లీల చిత్రాలు చూపడం అన్నీ నేరాలే. 18 ఏళ్లలోపు ఆడపిల్లలతోపాటు మగపిల్లలకూ ఇది వర్తిస్తుంది. మగపిల్లల సంగతి మనవాళ్లు తరచూ మరిచిపోతారు.

పిల్లలు నేరుగా చెప్పరు. ఆ మాస్టారి పీరియడ్ ఉన్న రోజే కడుపునొప్పి అంటారు. పుస్తకాల సంచి సర్దుతూ మధ్యలో ఆగిపోతారు. అప్పుడు గద్దించకండి. ‘నీ తప్పేమీ లేదు’ అని దగ్గర కూర్చోండి. గుచ్చిగుచ్చి అడగకుండా, చెప్పినంతవరకు వాళ్ల మాటల్లోనే తేదీ వేసి రాసుకోండి. ఫోనులో సందేశాలుంటే చెరిపేయకండి.

వెంటనే పిల్లల సహాయవాణి 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి. బడి పరువు పోతుందని రాజీకి పిలిస్తే దయచేసి వెళ్లకండి. తన కింద పనిచేసేవారి నేరం తెలిసీ దాచిన సంస్థ బాధ్యులకు ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. బిడ్డను స్టేషనుకు తిప్పాల్సిన పని లేదు. పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. బిడ్డ పేరే కాదు, బడి పేరు కూడా పత్రికల్లో రాకూడదు.